కూర్చున్నవాణ్ని లేపేదెవరు?



జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఈ ప్రసంగం వింటున్న ఆటగాళ్లకు, ఆట చూసే పెద్దలకు, పిల్లలకు ఆట నేర్పే పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఈ పూట ఒక చిక్కు ప్రశ్న గురించి చెప్పాలని వచ్చాను.

ఒక జట్టు వరసగా ఓడిపోతూ ఉంటుంది. అందులో పేరున్న ఆటగాడు ఒక్కడే. జనం అతని కోసమే వస్తారు, అతని పేరే అరుస్తారు, పిల్లలు అతని నంబరు బనియన్లే వేసుకుంటారు. అయినా జట్టు గెలవదు. అప్పుడు ఆ జట్టు అతణ్ణి ఉంచుకోవాలా, వదులుకుని ఆ డబ్బుతో కొత్త జట్టు కట్టుకోవాలా? అమెరికాలో బేస్‌బాల్ జట్ల గురించి నూరేళ్లుగా ఈ వాదన నడుస్తోంది. మన దగ్గర బేస్‌బాల్ అంతగా లేదు. కబడ్డీ ఉంది, తెలుగు టైటాన్స్ ఉంది. ప్రశ్న మాత్రం అదే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఓడిపోయే జట్టుకు స్టార్ ఆటగాడు వైద్యం కాడు. అతణ్ణి అమ్మడమూ వైద్యం కాదు. ముందు చూడాల్సింది అతని చుట్టూ ఎవరున్నారన్నది. ఆ జవాబు దొరికితే ఉంచుకోవాలా వదలాలా అన్నది దానంతటదే తేలుతుంది. ఈ మాట ఎందుకంటున్నానో కబడ్డీ నియమంతోనే మొదలుపెడతాను.

గీత దాటి కూతకు వెళ్లినవాడు పట్టుబడితే అవుట్. అవుట్ అయినవాడు కోర్టు బయటకు వచ్చి కూర్చోవాలి. అతను మళ్లీ లోపలికి రావాలంటే, అతని జట్టులో ఇంకెవరో ఎదుటివాళ్లలో ఒకణ్ని అవుట్ చేయాలి. అప్పుడే కూర్చున్నవాడు లేస్తాడు. ఎవరు ముందు అవుటయితే వాళ్లు ముందు లేస్తారు, వరస తప్పదు. బోనస్ గీత తొక్కి తెచ్చిన పాయింటుకు ఎవరూ లేవరు. ఎదుటివాణ్ని తాకాలి, లేదా పట్టాలి.

క్రికెట్‌లో అవుటయిన బ్యాట్స్‌మన్ ఆ ఇన్నింగ్స్‌లో మళ్లీ బ్యాట్ పట్టలేడు. కబడ్డీలో అవుటయిన రైడర్ ఒక మ్యాచ్‌లో ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు, కానీ తనంతట తాను రాలేడు. ఎంత పెద్ద రైడరైనా సరే, రెండో రైడర్ ఒక టచ్ పాయింట్ తేవాలి, లేదా మూల మీద నిలబడ్డ డిఫెండర్ ఒక కాలు పట్టాలి. వాళ్ల చేత కాకపోతే రెండు కోట్ల ఆటగాడు కూడా బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తూ ఉండాల్సిందే. ఒక్కో సగం 20 నిమిషాలు, ఒక్కో కూత 30 సెకన్లు. అందులో ఐదు నిమిషాలు రైడర్ బయట కూర్చుంటే ఆట చేజారిపోతుంది. ఈలోగా కోర్టులో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, అందరూ అవుటయితే ఆల్ అవుట్. అప్పుడు అందరూ తిరిగి లోపలికి వస్తారు, కానీ ఎదుటి జట్టుకు ఇంకో రెండు పాయింట్లు అదనం.

ఈ నియమం మనసులో పెట్టుకుని తెలుగు టైటాన్స్ కథ వినండి.

ప్రో కబడ్డీ లీగ్ 2014 జులైలో 8 జట్లతో మొదలైంది. మొదటి సీజన్ నుంచీ టైటాన్స్ ఉంది. అప్పుడు దాని సొంత మైదానం విశాఖపట్నం. ఆ జట్టుకు మొదట్లో ముఖం రాహుల్ చౌదరి. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ వైపు. మన భాష రాదు, మన నేల కాదు. అయినా తెలుగు జనం అతణ్ణి సొంతం చేసుకున్నారు. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడు అతనే. అతనున్న కాలంలో టైటాన్స్ 2015లో మూడో స్థానం తెచ్చుకుంది, 2016లో సెమీఫైనల్ ఆడింది. ఆ తర్వాత 2017లో, 2018లో ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2018 వేలంలో జట్టు అతణ్ణి పోనివ్వలేదు. వేరే జట్టు పాడిన చివరి ధరే తానూ ఇచ్చి ఆటగాణ్ని వెనక్కి తెచ్చుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు వాడి, 1 కోటి 29 లక్షలకు నిలబెట్టుకుంది. ఆ ఏడు కూడా ఫలితం రాలేదు.

2019లో రాహుల్‌ను వదిలేశారు. తమిళ్ తలైవాస్ 94 లక్షలకు తీసుకుంది. తెలుగు అభిమానులకు అది గుండె కోత. కానీ జట్టు ఆ డబ్బుతో ఏం చేసిందన్నది చూడాలి. అదే వేలంలో సిద్ధార్థ్ దేశాయ్ అనే కొల్హాపూర్ రైడర్‌ను 1 కోటి 45 లక్షలు పెట్టి కొన్నది. అంటే ఒక స్టార్ పోయి ఇంకో స్టార్ వచ్చాడు. సిద్ధార్థ్ ఆ సీజన్లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. తన పని తాను చేశాడు. జట్టు మాత్రం 12 జట్లలో 11వ స్థానంలో నిలిచింది. ఆ పన్నెండో జట్టు ఏదో తెలుసా? రాహుల్‌ను కొన్న తమిళ్ తలైవాసే. అక్కడ రాహుల్ ఉన్నాడు, అజయ్ ఠాకూర్ ఉన్నాడు, మంజీత్ ఛిల్లర్ ఉన్నాడు. ముగ్గురూ మహా ఆటగాళ్లు. అయినా అట్టడుగు.

స్టార్‌ను అమ్మినా గెలవలేదు, కొన్నా గెలవలేదు. ఎందుకంటే మారింది పేరు ఒక్కటే, జట్టు కట్టే పద్ధతి మారలేదు.

తర్వాతి మూడు సీజన్లూ టైటాన్స్ అభిమానులు మరచిపోలేనివి. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. తొమ్మిదో సీజన్లో 22కు రెండు. పదో సీజన్లో 22కు రెండు. మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ చివరి స్థానమే.

ఇందులో పదో సీజన్ దగ్గర కాసేపు ఆగాలి. 2023 అక్టోబరులో ముంబైలో వేలం జరిగింది. ఒక్కో జట్టు ఖర్చు పెట్టుకోగల మొత్తం 5 కోట్లు. టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే అత్యధిక ధర. సంచిలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఒక్క మనిషికి పోయింది. కోర్టులో నిలబడేది ఏడుగురు, జట్టులో ఉండాల్సింది కనీసం 18 మంది. మిగిలిన వాళ్లందరికీ కలిపి 2 కోట్ల 40 లక్షలు కూడా లేవు.

పవన్ గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. 2019 జనవరిలో జరిగిన ఫైనల్‌లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్స్‌కు కప్పు ఇప్పించినవాడు. టైటాన్స్‌లోనూ ఆ సీజన్లో 202 రైడ్ పాయింట్లు తెచ్చాడు. లీగ్‌లోని మేటి రైడర్ల వరసలో నిలిచాడు. జట్టు అడుగున నిలిచింది. పవన్ కూర్చున్నప్పుడు లేపేవాళ్లు తగినంత మంది లేరు. ఎదుటి జట్ల కోచ్‌లకు ఇది తెలుసు. పవన్‌ను ఎలాగోలా పట్టి బయట కూర్చోబెడితే సగం పని అయిపోయినట్టే.

అదే వేలంలో పుణేరి పల్టన్ కూడా ఒక స్టార్‌ను కొన్నది. ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్‌లూయీకి 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. ధరలో పెద్ద తేడా లేదు కదా! మరి 2024 మార్చి 1న, మన హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగిన ఫైనల్‌లో కప్పు ఎత్తింది పుణేరి పల్టన్. సొంత జట్టు అట్టడుగున ఉన్న సీజన్లో, సొంత ఊళ్లో, వేరే జట్టు కప్పు ఎత్తుకోవడం తెలుగువాళ్లు చూశారు.

తేడా ఎక్కడుంది? పుణేరి ఆ వేలానికి ముందే జట్టు కట్టుకుంది. అస్లమ్ ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను తక్కువ ధరలో తెచ్చుకుని, ఏళ్ల తరబడి ఒకచోట ఉంచి, ఒకరి కదలిక ఒకరికి తెలిసేలా పెంచుకుంది. అంతకుముందు సీజన్లోనే ఫైనల్ ఆడి ఓడింది. ఒక్క కొరత మిగిలితే దానికి డబ్బు పెట్టింది. టైటాన్స్ ముందు స్టార్‌ను కొని, తర్వాత జట్టు కోసం వెతికింది. పునాది పోయకుండా కలశం కొన్నట్టయింది.

ఇక స్టార్ లేకుండా ఏం జరుగుతుందో కూడా చూద్దాం. పట్నా పైరేట్స్‌కు పర్దీప్ నర్వాల్ అంటే ప్రాణం. డుబ్కీ కింగ్ అని పేరు. అతనున్నప్పుడు పట్నా వరసగా మూడు కప్పులు గెలిచింది. ఏడో సీజన్ తర్వాత అతణ్ణి వదిలేసింది. యూపీ యోధా 1 కోటి 65 లక్షలకు కొన్నది. పట్నా పని అయిపోయిందన్నారు. తర్వాతి సీజన్లోనే పట్నా ఫైనల్‌కు చేరి, ఢిల్లీ చేతిలో ఒకే ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. ఆ సీజన్లో పట్నా బలం డిఫెన్స్. ఒకరు కూర్చుంటే ఇంకొకరు లేపారు.

తొమ్మిదో సీజన్లో తమిళ్ తలైవాస్ సంగతి ఇంకా విచిత్రం. పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై అతను సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. ఖర్చు పెట్టిన డబ్బంతా పోయినట్టే అనుకున్నారు. కానీ నరేందర్ అనే కొత్త కుర్రాడు ఆ భారం మోశాడు, తొలి సీజన్లోనే 240కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. కోచ్ ఆశన్ కుమార్ కుర్రాళ్లను నమ్మాడు. తలైవాస్ తన చరిత్రలో తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, సెమీఫైనల్ దాకా వెళ్లింది. పవన్ ఆరోగ్యంగా ఉండి ఉంటే నరేందర్‌కు అన్ని కూతలు దక్కేవా? దక్కకపోవచ్చు. పెద్ద చెట్టు నీడలో మొక్క ఎదగదని మన పెద్దలు అన్నది ఇందుకే.

ఇలా చెప్తుంటే స్టార్‌ను వదిలేయడమే మంచిదని మీకు అనిపించవచ్చు. అలా అనుకోవద్దు. ఇంకో పక్క కూడా ఉంది.

మన హైదరాబాద్ క్రికెట్ జట్టునే తీసుకోండి. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ డేవిడ్ వార్నర్. ఆ సీజన్లో 848 పరుగులు చేశాడు. 2021లో జట్టు ఓటములు మొదలయ్యేసరికి సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత తుది జట్టులోంచే తప్పించారు, చివరికి వదిలేశారు. రషీద్ ఖాన్ కూడా వెళ్లిపోయాడు. అతను వెళ్లిన గుజరాత్ టైటాన్స్ 2022లో కప్పు గెలిచింది. సన్‌రైజర్స్ ఆ ఏడు ఎనిమిదో స్థానం, 2023లో చిట్టచివరి స్థానం. కోపంతో వదిలేసినా, వాళ్ల చోటు నింపే ఆలోచన లేకుండా వదిలేసినా నష్టపోయేది జట్టే. వార్నర్ వెళ్లిపోయిన తీరు తెలుగు అభిమానులను నొప్పించింది. గెలుపోటముల పట్టికలో రాని నష్టం అది.

బేస్‌బాల్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ కథ ఈ రెండు పక్కలనూ ఒక్కచోట చూపిస్తుంది. ఆ జట్టు 1918లో కప్పు గెలిచింది. 1919 చివర్లో తన పెద్ద ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మింది. 1918 తర్వాత 86 ఏళ్లు మళ్లీ కప్పు మొహం చూడలేదు. 2004 జులై 31న అదే జట్టు నోమార్ గార్సియపారా అనే జనం మెచ్చిన ఆటగాణ్ని వదులుకుంది. బోస్టన్ జనం మండిపడ్డారు. ఆ ఏడే కప్పు గెలిచారు. బేబ్ రూత్‌ను అమ్మినప్పుడు చేతికి వచ్చింది డబ్బు. నోమార్‌ను ఇచ్చినప్పుడు వచ్చింది ఆటగాళ్లు. జట్టు బలహీనంగా ఉన్న చోటే, అంటే ఫీల్డింగ్‌లో, వాళ్లు అక్కరకొచ్చారు. వదులుకోవడం ఒక్కటే, వదులుకుని ఏం తెచ్చుకున్నారన్నది వేరు.

మళ్లీ టైటాన్స్ దగ్గరకు వద్దాం. 2024లో, పదకొండో సీజన్లో, జట్టు కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చాడు. అంతకుముందు ఢిల్లీకి కప్పు ఇప్పించిన కోచ్ అతను. పవన్‌ను మళ్లీ ఉంచుకున్నారు, ఈసారి 1 కోటి 72 లక్షల 50 వేలకు. పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పుడు, పెద్దగా పేరు లేని విజయ్ మాలిక్ జట్టును నడిపించాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌లలో 12 గెలిచి ఏడో స్థానానికి వచ్చింది. అప్పట్లో ఆరు జట్లకే ప్లేఆఫ్స్ కాబట్టి వెంట్రుకవాసిలో తప్పింది.

2025 వేలానికి ముందు పవన్‌ను వదిలేశారు. తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు తీసుకుంది. టైటాన్స్ ఈసారి ఇంకో రెండు కోట్ల ఆటగాడి వెంట పడలేదు. విజయ్ మాలిక్‌ను నిలబెట్టుకుని కెప్టెన్‌ను చేసింది. భరత్ హుడాను 81 లక్షల 50 వేలకు తెచ్చుకుంది. మిగిలిన డబ్బు డిఫెన్స్‌కు, కుర్రాళ్లకు పెట్టింది. సీజన్ ఆగస్టు 29న విశాఖలో మొదలైంది. మొదటి మ్యాచ్‌లో ఎదురుపడింది పవన్ ఉన్న తలైవాసే, టైటాన్స్ ఓడింది. చూశారా, పవన్‌ను వదిలి తప్పు చేశారని ఆ రాత్రి అన్నవాళ్లు చాలామంది. కానీ సీజన్ ముగిసేసరికి టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరి, ఎలిమినేటర్‌లో పట్నాను ఓడించి, క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో పోరాడి ఓడింది. 2016 తర్వాత మన జట్టు నాకౌట్ ఆడటం అదే మొదటిసారి. కప్పు రాలేదు. జట్టు మాత్రం వచ్చింది.

2019లోనూ స్టార్‌ను వదిలారు, 2025లోనూ వదిలారు. ఫలితాలు వేరువేరు. మొదటిసారి ఇంకో స్టార్‌ను కొన్నారు. రెండోసారి, కూర్చున్నవాణ్ని లేపే మనుషులను కొన్నారు.

ఇందులోంచి ఓడిపోయే ఏ జట్టయినా తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్నలు తీసుకోవచ్చు. మన స్టార్ బయట కూర్చున్న నిమిషాల్లో మనకు పాయింట్లు వస్తున్నాయా? వస్తున్నాయంటే అతణ్ణి వదలొద్దు, ఇంకొంచెం ఓపిక పట్టండి, గెలుపు దగ్గర్లోనే ఉంది. రావడం లేదంటే, అతని మీద పెట్టే ఖర్చే మిగతావాళ్లను తెచ్చుకోనివ్వడం లేదా అని చూడండి. అదే కారణమైతే మర్యాదగా, సమయం చూసి వదలండి. అతని వెనుక ఎదుగుతున్న కుర్రాడు ఉన్నాడా? ఉంటే వాడికి తోవ ఇవ్వండి. లేకపోతే ముందు ఆ కుర్రాణ్ని తయారు చేసుకోండి, అప్పటిదాకా అమ్మకం మాట ఎత్తకండి. అభిమానుల కోపానికి భయపడి ఉంచుకోవడం, ఒక ఓటమి కోపంలో వదిలేయడం, రెండూ పొరపాటే.

ఇప్పటిదాకా కోట్ల మాట చెప్పాను. మన ఊళ్ల మాటకు వస్తాను. నిజానికి నేను మాట్లాడదామని వచ్చింది దీని గురించే.

జనగామ జిల్లాలో దేవరుప్పుల, పాలకుర్తి, బచ్చన్నపేట. మహబూబాబాద్ జిల్లాలో తొర్రూరు, మరిపెడ, గూడూరు, కేసముద్రం. భూపాలపల్లి జిల్లాలో చిట్యాల, రేగొండ, మొగుళ్లపల్లి, కాటారం. ఈ పేర్లు చెప్తుంటే కబడ్డీ ఆడే పిల్లలు కళ్ల ముందు కదులుతారు. సంక్రాంతి వచ్చిందంటే ఊరి పొలిమేరలో నేల చదును చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. యువజన సంఘం మైకు పెడుతుంది. ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి, రెండో బహుమతి. ఆ నేల మీద మోచేతులు గీరుకుపోయినా ఆడే పిల్లలు మన వాళ్లు.

ఆ టోర్నమెంట్లలో కూడా ఇదే ప్రశ్న ఉంది. ఊరి జట్టు రెండేళ్లు ఓడిపోతే, మూడో ఏడు బయటి నుంచి పేరున్న రైడర్‌ను డబ్బిచ్చి తెస్తారు. ఒక్క రోజుకు, ఒక్క మ్యాచ్‌కు. వాడు వస్తాడు, తొడ గొడతాడు, పాయింట్లు తెస్తాడు. ఒకోసారి కప్పు కూడా వస్తుంది. బహుమతి డబ్బు వాడికి ఇవ్వడానికే సరిపోతుంది. ఏడాదంతా పొద్దున్నే లేచి సాధన చేసిన ఊరి పిల్లవాడు మాత్రం గీత బయట కూర్చుని చప్పట్లు కొడతాడు. వచ్చే ఏడు వాడు గ్రౌండ్‌కే రాడు. ఇది టైటాన్స్ పదో సీజన్లో చేసిన తప్పే, చిన్న లెక్కలో. ఊరి సంఘాల పెద్దలు ఆలోచించాలి. ఆ డబ్బుతో ఊరి పిల్లలకు నాలుగు జతల బూట్లు, మోకాలి పట్టీలు కొనండి. ఒక అనుభవమున్న సీనియర్‌ను పిలిపించి పట్టు పట్టడం నేర్పించండి. ఓ రెండేళ్లు ఓడిపోతే పోయారు. మూడో ఏడు గెలిచేది మీ ఊరి జట్టు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ఇంకా బరువైనది. ఊరి జట్టుకో, స్కూల్ జట్టుకో ఒక మంచి రైడర్ ఉంటాడు. వాడికి క్రీడా హాస్టల్‌లోనో, స్పోర్ట్స్ స్కూల్లోనో, అకాడమీలోనో సీటు వస్తుంది. అప్పుడు జట్టు పెద్దలు, ఒక్కోసారి మాస్టార్లు కూడా అంటారు: "వాడు పోతే మన టీమ్ ఆగమైతది సార్. ఈ ఒక్క ఏడు ఉండనియ్యిండ్రి, జిల్లా కప్పు గొట్టినంక పోతడు." ఆ ఒక్క ఏడాదిలో పిల్లవాడి వయసు కటాఫ్ దాటిపోతుంది. ఒక జిల్లా కప్పు కోసం వాడి బతుకు దారి మూసుకుపోతుంది.

ఇక్కడ నా మాట కచ్చితం. పిల్లవాడిని పోనివ్వాలి. డబ్బుతో నడిచే జట్టు లాభనష్టాలు చూసుకుని ఉంచుకోవచ్చు, వదలవచ్చు. ఊరి జట్టుకు, స్కూల్ జట్టుకు ఆ హక్కు లేదు. పిల్లవాడి ఎదుగుదలే దాని లాభం. వాడు పోతే జట్టు ఒక ఏడు ఓడుతుంది. ఆ ఖాళీలో ఇంకో పిల్లవాడు కూతకు వెళ్తాడు. పవన్ కూర్చున్నప్పుడు నరేందర్ లేచినట్టే మన చిట్యాలలోనో, మరిపెడలోనో ఒకడు లేస్తాడు.

ఆడపిల్లల విషయంలో ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. కస్తూర్బా పాఠశాలల్లో, గురుకులాల్లో మన అమ్మాయిలు ఎంత చురుగ్గా కబడ్డీ ఆడతారో చూసినవాళ్లకు తెలుసు. ఇంటర్ అయ్యేసరికి వాళ్లలో చాలామంది ఆట ఆగిపోతుంది. దూరం పంపాలంటే భయం, పెళ్లి తొందర. తల్లిదండ్రులారా, మీ అమ్మాయికి పై స్థాయిలో ఆడే అవకాశం వస్తే, ఎక్కడ ఉంటుంది, ఎవరు చూసుకుంటారు, చదువు ఎలా సాగుతుంది అన్నవి అన్నీ అడగండి. అడిగి, తృప్తి పడి, పంపండి. వద్దనడానికి కారణాలు వెతకకండి.

ఇంకో విషయం. రాహుల్ బిజ్నోర్ వాడు, సిద్ధార్థ్ కొల్హాపూర్ వాడు, పవన్ ఢిల్లీ వాడు, విజయ్ మాలిక్ హర్యానా వాడు. జట్టు పేరులో తెలుగు ఉంది. జట్టును మోసినవాళ్లంతా బయటివాళ్లు. వాళ్లను మనం ప్రేమించాం, అది మన మంచితనం. కానీ ఇన్ని సీజన్లలో ఆ జట్టులో ఆడిన తెలుగు కుర్రాళ్లు తక్కువ, స్టార్ స్థాయికి వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. మన పిల్లల్లో సత్తా లేక కాదు. వాళ్లు మట్టి మీద ఆడతారు, ఎంపికలు మ్యాట్ మీద జరుగుతాయి. మట్టి మీద కాలు జారుతుంది, మ్యాట్ మీద కాలు పట్టుకుంటుంది. మలుపు వేరు, దూకుడు వేరు. జీవితంలో మొదటిసారి మ్యాట్ మీద అడుగు పెట్టే రోజే ఎంపిక రోజయితే ఆ పిల్లవాడు ఏం చేయగలడు? ఒక్కో జిల్లా కేంద్రంలో పిల్లలందరికీ అందుబాటులో ఉండే ఒక్క మ్యాట్, వారానికి రెండు రోజులు మండలాల వారీగా వంతులు. ఇది పెద్ద కోరిక కాదు. జిల్లా అధికారులు, సింగరేణి లాంటి సంస్థలు, ఊరు విడిచి పోయి బాగుపడ్డ మన వాళ్లు పూనుకుంటే అయ్యే పని. టైటాన్స్ యాజమాన్యం కూడా ఒక స్టార్ మీద పెట్టే ఖర్చులో చిన్న భాగం తెలుగు జిల్లాల్లో పిల్లలను వెతికి పెంచడానికి పెడితే, పదేళ్లలో వేలంలో కొనాల్సిన అవసరం చాలా మటుకు తగ్గుతుంది.

ఇక ఆటగాళ్లకు ఒక మాట. మీ జట్టు మిమ్మల్ని వదిలేస్తే కుంగిపోకండి. రాహుల్‌ను వదిలారు, పవన్‌ను ఒకటి కంటే ఎక్కువ జట్లు వదిలాయి, పర్దీప్‌నూ వదిలారు. వాళ్ల ఆట చిన్నదైపోలేదు. జట్టు లెక్క వేరు, మీ విలువ వేరు. అభిమానులకు ఒక మాట. ఆటగాడు జట్టు మారితే ద్రోహి అనకండి. ఆరు సీజన్లు మన రంగు బట్టలేసుకుని ఒళ్లు హూనం చేసుకున్నవాడు వేరే జట్టులో కనబడ్డప్పుడు అతనికీ చప్పట్లు కొట్టండి.

చివరగా, కబడ్డీ జట్టును నడిపే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇదే. మీ జట్టులో అందరికంటే మంచి రైడర్ ఎవరో మీకు తెలుసు. రేపు పొద్దున సాధనలో అతణ్ణి పక్కన కూర్చోబెట్టి, మిగతా ఆరుగురితో అరగంట ఆడించండి. వాళ్లు పాయింట్లు తేగలిగితే మీకు జట్టు ఉంది. తేలేకపోతే, స్టార్‌ను అమ్మే మాట, కొనే మాట పక్కన పెట్టి, ముందు ఆ ఆరుగురి మీద పని మొదలుపెట్టండి.